ఎండకీ తుఫానుకీ తట్టుకునే హైడ్రోపోనిక్ కుండీ ఏది? పైపులా, డ్రమ్ములా?

పర్లాకిమిడి మేడతోట:

అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మేడ మీద మట్టి లేకుండా తోటకూర, పాలకూర, పుదీనా పెంచుతున్నాను. అన్నీ 20 లీటర్ల తెల్ల పెయింటు బకెట్లలోనే. నిన్న ఒకదాన్ని నీడలోకి జరుపుదామని అంచు పట్టుకుని ఎత్తితే, అంచు అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చేసింది. ఎరువు మందు కలిపిన నీళ్లన్నీ మెట్ల మీదుగా కింది వాటా వాళ్ల గుమ్మం దాకా పారాయి. ఆ బకెట్ చూసింది రెండు వేసవులే. మొక్కల వేళ్లు చూస్తే పచ్చటి పాచి, వేలితో తాకితే జిగురు.

ఇప్పుడు అన్నీ ఒకేసారి మార్చేయాలని ఉంది. నాలుగంగుళాల పీవీసీ పైపులు వేసేయమని మా తమ్ముడు అంటున్నాడు. నా మనసు మాత్రం పెద్ద డబ్బాల మీదే ఉంది. ఒకసారి డబ్బు పెడితే పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేకుండా ఉండాలి. వాడినవాళ్లు చెప్పండి.

రాయగడ పైపులతోట:

అక్కా, మీ తమ్ముడి మాట వినండి. నేను పైపులు వేసి ఇది నాలుగో ఏడు, ఒక్కటీ పగల్లేదు. గోడ వారన నాలుగు వరసలు వేస్తే 48 మొక్కలు పట్టాయి. బకెట్లతో అన్ని పెట్టాలంటే మేడంతా చాలదు.

కొనేటప్పుడు మాత్రం తాగునీటి పైపే అడగండి, దాని మీద ఐఎస్ 4985 అని ముద్ర ఉంటుంది. వైరింగు పైపు చౌకగా వస్తోందని తేవద్దు. తయారీ వేడికి పీవీసీ చెడిపోకుండా పూర్వం సీసం కలిపేవారు. దాన్ని తీసేయాలని కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది. అందుకే పాత ఇల్లు పడగొట్టినప్పుడు వచ్చిన పైపులు తిండి మొక్కలకు వాడకండి. ఎండకి పీవీసీ పైపొర సుద్దలా రాలి పెళుసెక్కుతుంది కాబట్టి బయట తెల్ల పెయింటు రెండు కోట్లు వేయించండి.

బరంపురం మాస్టారు:

పైపు నాలుగేళ్లు ఉందంటే నమ్ముతాను బాబూ. మరి అందులో మొక్క మే నెల దాటిందా?

పైపులో నీళ్లు పలచగా పారతాయి. మోటారు ఆగితే ఎండాకాలంలో కొద్ది గంటల్లోనే వేళ్లు ఎండిపోతాయి. మన ప్రాంతంలో కరెంటు సంగతి వేరే చెప్పాలా? 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ఊడ్చేసింది. అలాంటప్పుడు రోజుల తరబడి చీకటే. 50 లీటర్ల నీళ్లున్న డబ్బాలో ఆకుకూర ఆ రోజులు గడిపేస్తుంది. నీటి మట్టానికీ మూతకీ మధ్య కొంత ఖాళీ వదిలితే పై వేళ్లు గాలి పీల్చుకుంటాయి, మోటారు అక్కర్లేదు. హవాయి విశ్వవిద్యాలయంలో క్రాట్కీ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇదే.

రెండోది వేడి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు వెళ్తే అది 7.5కి పడిపోతుంది. ఒకపక్క వేరుకి ఊపిరాడదు, ఇంకోపక్క వేరుకుళ్లు తెచ్చే పిథియం లాంటి నీటి బూజులు ఆ వేడిలోనే పెరుగుతాయి. నీళ్లు తక్కువైతే త్వరగా కాగుతాయి, ఎక్కువైతే నిదానంగా కాగుతాయి. నేను డ్రమ్ము వైపే.

ఆ పెయింటు బకెట్ సంగతి: అడుగున త్రికోణంలో ఒక అంకె ఉంటుంది. అది ప్లాస్టిక్ రకం చెబుతుంది: 2 అంటే హెచ్‌డీపీఈ, 5 అంటే పీపీ. తినే మొక్కలకు ఈ రెండూ మంచివే. కానీ ఇలాంటి తెల్ల బకెట్లు ఎండలో పెట్టడానికి చేసినవి కావు. నల్ల ప్లాస్టిక్‌లో కలిపే మసి ఎండ దెబ్బను ఆపుతుంది, అందుకే నల్లవి ఎక్కువ కాలం ఉంటాయి.

గుణుపూర్ పెరటితోట:

నేను మట్టి గూనలో వేసి చూశాను. చల్లగా ఉంటుందని ఆశపడ్డాను, నిజంగానే చల్లగా ఉంది. నెల తిరిగేసరికి గూన బయట తెల్లగా ఉప్పు పేరింది, గోటితో గీకితే పొడి రాలింది. లోపల నీళ్లు చిక్కబడి పాలకూర ఆకుల అంచులు మాడాయి. మట్టి నీళ్లని బయటికి వదిలేస్తూ ఉంటే మందు పాళ్లు ఎలా నిలుస్తాయి?

అయినా గూనని పారేయలేదు. లోపల నల్ల బకెట్ దించి, మధ్య సందులో ఇసుక పోసి రోజూ తడుపుతున్నాను. ఏప్రిల్ ఎండల్లో కూడా వేళ్లు తెల్లగా ఉన్నాయి. బరంపురంలో సముద్రపు గాలి తేమకి ఇది ఇంత బాగా పనిచేయకపోవచ్చు, మా వైపు గాలి పొడి.

సిమెంటు తొట్టి జోలికి వెళ్లకండి. మన మొక్కలకు నీటి పీహెచ్ (పులుపు, క్షార గుణాల కొలత) 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి, కొత్త సిమెంటు దాన్ని పైకి లాగుతూనే ఉంటుంది.

రాయగడ పైపులతోట:

మాస్టారూ, మేలో నేను పైపులు ఖాళీ చేసేస్తాను, అది ఒప్పుకుంటున్నాను. ఇన్వర్టర్ ఉంది కాబట్టి చిన్న కరెంటు కోతలకు టెన్షన్ లేదు. తుఫాను తర్వాత వారం రోజులంటే ఇన్వర్టర్ కూడా చేతులెత్తేస్తుంది, అదీ నిజమే.

మరి మీ డ్రమ్ముల బరువు మాటేమిటి? 200 లీటర్ల డ్రమ్ము నిండితే నీళ్లే 200 కిలోలు, అదంతా ఒక్క చోట. పాత శ్లాబు మీద నాలుగు పెట్టమని అక్కకి ఎలా చెబుతారు?

బరంపురం మాస్టారు:

మంచి ప్రశ్న వేశావు. నిలువు డ్రమ్ము వద్దు. అడ్డంగా రెండు ముక్కలు కోసి, సగం దాకానే నీళ్లు పోయాలి. కింద గోడ ఉన్నచోటే పెట్టాలి, శ్లాబు నడిమధ్య ఎప్పుడూ పెట్టకూడదు. పాత ఇల్లయితే ముందు మేస్త్రీకి చూపించాలి.

పర్లాకిమిడి మేడతోట:

రాత్రి ఒక పని చేశాను. పాత బకెట్‌లో ఫోన్ టార్చి వెలిగించి పెట్టి మూత వేశాను. మేడ మీద లైటు తీసేస్తే బకెట్ మొత్తం పండు వెన్నెల్లా వెలిగింది! లోపలి వెలుగు అంతలా బయటికొస్తోందంటే పగలు ఎండ అంతలా లోపలికి పోతున్నట్టే కదా. పాచి ఎందుకు పట్టిందో అప్పుడు అర్థమైంది. పక్కనే నల్ల బకెట్‌లో పెట్టి చూస్తే చుక్క వెలుగు లేదు. కానీ మధ్యాహ్నం మూడింటికి ఆ నల్ల బకెట్ మీద చెయ్యి పెట్టలేకపోయాను.

బరంపురం మాస్టారు:

నల్ల డబ్బాకి బయట తెల్లటి గుడ్డ గానీ గోనె గానీ చుట్టమ్మా. ఈ ప్లాస్టిక్‌కి పెయింటు సరిగా అంటదు, గరుకు కాగితంతో రుద్దాకే వేయాలి, అయినా పెచ్చులూడుతుంది. గుడ్డ చిరిగితే ఇంకోటి చుట్టుకోవచ్చు.

మా ఊరు పచ్చళ్లకీ అప్పడాలకీ పేరు. పచ్చళ్లు చేసేవాళ్ల దగ్గర వాడేసిన నీలం డ్రమ్ములు దొరుకుతాయి. లోపల ఏం పోశారో తెలుస్తుంది కాబట్టి ధైర్యంగా కొనొచ్చు. ఉప్పు మొక్కకి విషం, అందుకని సోడాతో కడిగి, రెండు రోజులు నీళ్లు నింపి ఉంచి పారబోయాలి. తుక్కు కొట్టులో పేరు చెరిపేసిన డ్రమ్ము ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. పురుగుమందు ఉన్న డ్రమ్ము ఎన్నిసార్లు కడిగినా కూరాకు పెంచడానికి పనికిరాదు.

పర్లాకిమిడి మేడతోట:

ఆకుకూరలకు సగం కోసిన డ్రమ్ములు రెండు, గోడ వారన. పుదీనాకి ఒక్క వరస పైపు, అదీ అక్టోబర్ గాలులు పోయాక. తమ్ముడికి కూడా కాస్త సంతోషం. ఆదివారం బరంపురం వస్తున్నాను మాస్టారూ, ఒక డ్రమ్ము పక్కన పెట్టించగలరా?

బరంపురం మాస్టారు:

పెట్టిస్తానమ్మా. అడుగున 2 అంకె ఉందో లేదో చూసే తీస్తాను. వచ్చేటప్పుడు ఆ ఫోన్ టార్చి మర్చిపోకు. నీలం ప్లాస్టిక్‌లోంచి ఎంత వెలుగు పోతుందో అక్కడే చూసుకుని డబ్బులిద్దువుగాని.