స్టెయిన్‌లెస్ రివాల్వర్‌ని ఇంట్లోనే మెరిపించొచ్చా?

డాలస్‌లో ఉంటాను. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో స్మిత్ అండ్ వెస్సన్ 686 కొన్నాను, మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలే, పైన కోటింగ్ ఏమీ లేదు. పాత ఓనరు దేంతో రుద్దాడో గానీ బ్యారెల్ పక్కన వెంట్రుకల్లాంటి గీతలు, లైటు కింద పెడితే ఇంకా అసహ్యంగా కనిపిస్తున్నాయి. తూటాలన్నీ తీసేసి, చెక్క పిడి విప్పి, 800 నుంచి 2000 దాకా తడి ఎమరీ పేపరుతో ఒకే దిశలో రుద్ది, చివర్లో ఫ్లిట్జ్ అనే మెటల్ పాలిష్ పేస్టు పెడదామని ప్లాన్. బఫింగ్ వీల్ పెడితే చెక్కిన అక్షరాల అంచులు అరిగిపోతాయేమోనని భయం (మా ఆవిడైతే పీతాంబరి పెట్టి తోమెయ్యమంటోంది, ఇత్తడి చెంబు అనుకుంది!).

800 మరీ గరుకా? సిలిండర్ ముందు వైపు నల్ల మరకలు వదిలేయనా? బ్లూయింగ్ (ఉక్కు మీద ఉండే నీలి-నలుపు పొర) ఉన్న తుపాకీని ఇలా రుద్దితే రంగే పోతుందని తెలుసు, నాది అది కాదు. స్టెయిన్‌లెస్ మీద చేసినవాళ్లుంటే చెప్పండి.