రెండో కారు కొన్నాను, పాత పాలసీ 14 రోజులు కాపాడుతుందా?

కొల్లేరు_కొంగ: అందరికీ నమస్కారమండి. డాలస్ పక్కన అర్వింగ్‌లో ఉంటాం. శనివారం సాయంత్రం ఒకాయన దగ్గర పాత క్యామ్రీ కొన్నాను. పూర్తిగా డబ్బు కట్టేశాను, లోన్ లేదు. ఇంట్లో ఇప్పటికే ఒక కరోలా ఉంది, దానికి లయబిలిటీ (మన వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చేది) మాత్రమే తీసుకున్నాను. ఏజెంట్ ఆఫీసు సోమవారం దాకా తియ్యరు. కొత్త బండికి 14 రోజులు పాత పాలసీయే వర్తిస్తుందని ఫ్రెండ్ చెప్పాడు. నిజమేనా? రేపు ఈ కారు డెంటన్ దాకా వెళ్లాలి.

నెల్లూరు_నాయుడు: నిజమే తమ్ముడూ, టెన్షన్ వద్దు. పాలసీ పుస్తకంలో కొత్తగా కొన్న వాహనం అనే భాగం చూడు, చాలా పాలసీల్లో 14 రోజులని రాసే ఉంటుంది. ఇక్కడికొచ్చి 19 ఏళ్లయింది, ఇప్పటికి ఐదు కార్లు కొన్నాను. ప్రతిసారీ వారం తర్వాతే ఫోన్ చేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

ప్లేనో_పిల్ల: కంపెనీ యాప్‌లో విన్ (బండి గుర్తింపు నంబర్) కొడితే ఐదు నిమిషాల పని. ఆదివారమైనా అవుతుంది.

ఓరుగల్లు_అక్క: నాయుడుగారూ, సగం చెప్పి వదిలేయకండి. ఆ 14 రోజులు లయబిలిటీకి. కొత్త బండి సొంత డ్యామేజీకి కూడా 14 రావాలంటే పాలసీలో కనీసం ఒక బండికి కొలిజన్ (గుద్దుకుంటే మన బండి రిపేరుకి ఇచ్చేది) ఉండాలి. లేకపోతే చాలా పాలసీల్లో 4 రోజులే, పైగా 500 డాలర్ల డిడక్టిబుల్, అంటే ముందు అంత మన జేబులోంచి పెట్టాలి. ఈయన కరోలాకి లయబిలిటీ తప్ప ఏమీ లేదు. కంపెనీని బట్టి గడువు కూడా మారుతుంది.

నా సంగతి చెప్తాను. శుక్రవారం ఆల్టిమా కొన్నాను. తర్వాతి గురువారం వానలో జారి డివైడర్‌కి కొట్టాను. అప్పటికి కంపెనీకి ఇంకా చెప్పలేదు. నా పాత బండికీ లయబిలిటీయే ఉండేది. రిపేరుకి 9,200 డాలర్లు నా జేబులోంచి పెట్టాను. అప్పుడు కూడా ఒక పెద్దాయన "14 రోజులమ్మా" అనే చెప్పాడు.

నెల్లూరు_నాయుడు: నేను చెప్పింది తప్పని మీరూ అనలేదు కదమ్మా. లయబిలిటీకి 14, అంతే కదా? ఆయన అడిగింది బండి రోడ్డెక్కించొచ్చా అని. ఎక్కించొచ్చు. చట్టం అడిగేది లయబిలిటీనే.

ఓరుగల్లు_అక్క: ఆయన అడిగింది "కాపాడుతుందా" అని. ఆ మాట మళ్లీ చదవండి.

నెల్లూరు_నాయుడు: 14 అంటే 14. పాత బండి తీసేసి దాని బదులు కొంటే కొన్ని పాలసీల్లో అసలు ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు, పాలసీ గడువు అయ్యేదాకా కొత్త బండికి లయబిలిటీ వస్తుంది. ఇది కూడా చదవండి.

టెక్సస్_తాత: ఆయన పాత బండి తీసెయ్యలేదు నాయుడూ. అదనంగా కొన్నాడు.

ఓరుగల్లు_అక్క: ఇంకో మాట. టెక్సస్‌లో కనీస లయబిలిటీ 30/60/25. మనిషికి 30 వేలు, ప్రమాదానికి 60 వేలు, ఎదుటివాళ్ల ఆస్తికి 25 వేలు. హైవే మీద కొత్త పికప్‌ని గుద్దితే ఆ 25 వేలు ఏ మూలకి? కొంగగారూ, యాడ్ చేసేటప్పుడు కనీసంతో సరిపెట్టకండి.

కొల్లేరు_కొంగ: థాంక్సండి. ఇంకో విషయం చెప్పలేదు. ఈ కారు నాక్కాదండి. మా తోడల్లుడి కొడుకు ఆగస్టులో డెంటన్‌లో ఎమ్మెస్‌కి వచ్చాడు, వాడి కోసం. వాడి పేరు మీద ఇన్సూరెన్స్ అడిగితే నెలకి 310 డాలర్లు చెప్పారు. నా పాలసీలో రెండో బండిగా పెడితే అందులో సగం కూడా అవ్వదు. అందుకే టైటిల్ (బండి యాజమాన్య పత్రం) నా పేరు మీద రాయిస్తున్నాను.

ఓరుగల్లు_అక్క: ఇదా అసలు సంగతి! ఇంతసేపూ 14, 4 అని కొట్టుకున్నాం. రోజూ నడిపేది ఎవరు, రాత్రి బండి ఎక్కడ ఉంటుంది అని కంపెనీ అడుగుతుంది. "నేను, అర్వింగ్" అంటారా? రేపు ఆ అబ్బాయి డెంటన్‌లో ఎవరినైనా గుద్దితే కంపెనీవాళ్లు మొదట తీసేది మీరు అలా రాసిచ్చిన కాగితమే. తప్పు చెప్పి తీసుకున్నారని తేలితే క్లెయిమ్ ఇచ్చేది లేదంటారు, పాలసీయే రద్దు చేయొచ్చు. టైటిల్ మీ పేరు మీద ఉంది కాబట్టి కేసులోకి మిమ్మల్నీ లాగుతారు.

నెల్లూరు_నాయుడు: పిల్లల పరిస్థితి తెలియకుండా మాట్లాడకండి. క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. దాంట్లో నెలకి 310 ఎక్కణ్ణుంచి తెస్తాడు? హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు బండి నడిపినవాణ్ణి ఇక్కడ నిన్న నేర్చుకున్నవాడిలా లెక్కేస్తున్నారు. అది న్యాయమా? మా మేనకోడలికి నేనూ ఇలాగే కొనిచ్చాను. మనవాళ్లకి మనం కాకపోతే ఎవరు చేస్తారు?

ఓరుగల్లు_అక్క: న్యాయం కాదు, నేనూ ఒప్పుకుంటాను. నా తమ్ముడు వచ్చినప్పుడు నాకూ అదే కోపం వచ్చింది. కానీ సాయం చెయ్యాలంటే ఆ నెల డబ్బులో కొంత మీరు కట్టండి. అబద్ధం మీద కట్టిన ప్రీమియం ఎంత తక్కువైనా దండగే. ఆ పిల్లాడు ఎవరినో గుద్దితే, కారులో వాడి పక్క సీట్లో కూర్చున్నవాడు కూడా మన పిల్లాడే అయుంటాడు. వాడి హాస్పిటల్ బిల్లు ఎవరిస్తారు?

ప్లేనో_పిల్ల: అక్క చెప్పింది కరెక్ట్.

టెక్సస్_తాత: టైటిల్ అబ్బాయి పేరు మీదకి మార్చినా మీ పాలసీలో ఉన్న ఆ 14 రోజులు దానికి పనికిరావు. అవి మీ పేరు మీద ఉన్న బండికే. వాడు తాళం తీసుకునే ముందే సొంత పాలసీ తీసుకోవాలి.

కొల్లేరు_కొంగ: ఇప్పుడే 24 గంటల నంబర్‌కి ఫోన్ చేశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను: నడిపేది వాడు, బండి ఉండేది డెంటన్‌లో. వాడు మా ఇంట్లో ఉండడు కాబట్టి నా పాలసీలో పెట్టడం కుదరదన్నారు. టైటిల్ వాడి పేరు మీదే రాయించి వేరే పాలసీ తీసుకోమన్నారు. ఇంకో రెండు చోట్ల అడిగితే కొలిజన్‌తో కలిపి 265కి ఒకరు ఇస్తామన్నారు. ఆర్నెల్లు సగం నేను కడతానని మా తోడల్లుడికి చెప్పాను. రేపటి డెంటన్ ప్రయాణం మానేశాను, కారు మా గరాజ్‌లోనే ఉంది.

ఓరుగల్లు_అక్క: మంచి పని చేశారు. నాయుడుగారూ, మీ మేనకోడలి పేరు మీ పాలసీలో ఉందా?

నెల్లూరు_నాయుడు: లేదు. రేపు మా ఆవిడతో మాట్లాడతాను. లయబిలిటీకి మాత్రం చాలా పాలసీల్లో 14 రోజులే, ఆ మాట మీదే ఉంటాను.