పాత బాండ్ ట్రైన్ ఫైట్ ముందు స్పెక్టర్ తేలిపోతుందేంటండీ?

బాండ్ సినిమాలు బాగా చూసేవాళ్ళు కాస్త చెప్పండి. మాది అమలాపురం దగ్గర, ఇంట్లో మా బాబాయికీ నాకూ ఇదే గోల. నేను 2015 స్పెక్టర్ అంటాను, ఆయన 1963 ఫ్రమ్ రష్యా విత్ లవ్ దగ్గర్నుంచి కదలడు. సరే అని పాతది చూశా, ఫస్టాఫ్ నెమ్మదే గానీ ఆ ట్రైన్ ఫైట్ ఉంది చూడండీ, ఇరుకు పెట్టె, లైటు పగిలి నీలం వెలుగు, బాండ్‌గా షాన్ కానరీ, విలన్‌గా రాబర్ట్ షా గోడలకి గుద్దుకుంటూ కొట్టుకుంటుంటే వెనకాల మ్యూజిక్ కూడా లేదు. అసలు ఆ విలన్ చేపలోకి, పద్ధతి ప్రకారం వైట్ వైన్ కాకుండా, రెడ్ వైన్ చెప్పినప్పుడే బాండ్‌కి అనుమానం రావాల్సింది (పులస తినేవాళ్ళం, మనకి ఇలాంటి పట్టింపులు తెలుసు కదా).

స్పెక్టర్‌లోనూ ట్రైన్ ఫైట్ ఉంది, విలన్ మనిషిగా బటిస్టా అన్నీ పగలగొట్టేస్తాడు, భారీగానే ఉంది గానీ ఈసారి నాకే భయం వెయ్యలేదు. ఇది తీసిన పద్ధతి వల్లా, లేక నేను దీనికి ముందు వచ్చిన బాండ్ సినిమా క్వాంటమ్ ఆఫ్ సొలేస్ వదిలేసి చూడ్డం వల్ల కథ ఎక్కలేదా? స్పెక్టర్‌లో బాండ్ వేసిన డేనియల్ క్రెయిగ్ సినిమాల్లో బాబాయి నోరు మూయించేది ఏదుందండీ, క్యాసినో రాయల్ పెట్టనా, స్కైఫాల్ పెట్టనా?