పాపకు 17, మూడో నెల: రెండిళ్ల పెద్దలూ సంతకం పెడితే పెళ్లి చెల్లుతుందా?

ఆదోని_అన్న
మా పిన్ని కూతురి విషయం. 18 నిండడానికి ఇంకా ఐదు నెలలుంది. అబ్బాయి సొంత మేనబావ, వాడికి 20. ఇంట్లో తెలిసేసరికి మూడో నెల. అందరూ సుగ్గికి (కూలి పనులకు వలస) పోయేలోపు గుళ్లో తాళి కట్టించేద్దామని రెండిళ్లవాళ్లూ ఒక్క మాట మీదున్నారు. తల్లిదండ్రులు ఒప్పుకున్నట్టు స్టాంపు పేపరు రాసి నోటరీ చేయిస్తే చాలని, కడుపుతో ఉంది కాబట్టి కోర్టు కూడా ఏమీ అనదని ఊళ్లో ఒకాయన చెప్పాడు. నిజమేనా?

కర్నూలు_ప్లీడరు
నిజం కాదు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. పెద్దలు ఒప్పుకున్నారనో, గర్భం వచ్చిందనో మినహాయింపు అందులో ఎక్కడా లేదు. కొన్ని దేశాల్లో తల్లిదండ్రులు, జడ్జి ఒప్పుకుంటే చేస్తారు, అది అక్కడి సంగతి. ఆ నోటరీ కాగితం ఎందుకు పనికొస్తుందంటే, పెళ్లి చేసింది మేమేనని మీరే రాసిచ్చిన సాక్ష్యంగా! చేసినవాళ్లకు, చేయించిన పురోహితుడికి రెండేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. తల్లికైతే జైలు ఉండదు (సెక్షన్ 11), జరిమానా ఉంటుంది.

అన్నట్టు, పాపకు 18 నిండితే చాలదు. అబ్బాయికి 21 వచ్చేదాకా ఆగాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

పొద్దుటూరోడు
ఇవన్నీ పుస్తకాల్లో మాటలు సార్. మావైపు ఇట్లాంటివి ఎన్ని జరగలేదు? తాళి పడితే పరువు నిలుస్తుంది, కేసు కూడా పోతుంది. ఇద్దరూ ఇష్టపడ్డారు కదా, ఇంకేం?

కర్నూలు_ప్లీడరు
అన్నా, అసలు టెన్షన్ అక్కడే. 18 లోపు పిల్ల ఇష్టపడినా పోక్సో (లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే) చట్టం దాన్ని అంగీకారంగా లెక్కలోకి తీసుకోదు. గర్భం వచ్చిందంటే అది తీవ్రమైన నేరం కిందికి పోతుంది. 2019 సవరణ తర్వాత దానికి కనీస శిక్ష 20 ఏళ్లు. తాళి కడితే పోతుందా అంటే, 2017 అక్టోబరులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది: భార్య అయినా సరే 18 లోపు ఉంటే నేరమే. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అత్యాచారం గురించి చెప్పే 63వ సెక్షన్లోనూ ఇప్పుడు అదే వయసు. అంటే మీరు చేసే పెళ్లి ఉన్న కేసును తీసెయ్యదు, దాని పక్కన ఇంకో కేసు పెడుతుంది.

గుత్తి_సుధ
నిరుడు మే నెలలో సుప్రీంకోర్టు ఇట్లాంటి పోక్సో కేసులోనే ఒకతనికి శిక్ష వేయకుండా వదిలేసిందని చదివిన గుర్తు?

కర్నూలు_ప్లీడరు
2025 మే, బెంగాల్ కేసు. నేరం రుజువైందని చెప్పి, రాజ్యాంగం 142వ అధికరణ (పూర్తి న్యాయం కోసం సుప్రీంకోర్టుకున్న ప్రత్యేక అధికారం) వాడి శిక్ష మాత్రం వేయలేదు. అప్పటికి ఆ కేసులోని అమ్మాయి పెద్దదైంది, బిడ్డతో అతని దగ్గరే ఉంది. ఆమెను నేరం కన్నా కేసే ఎక్కువ బాధపెట్టిందని కోర్టు చూసింది. ఏళ్ల తరబడి తిరిగి సుప్రీంకోర్టు దాకా పోతే దక్కిన మినహాయింపు అది. మీ అబ్బాయికీ దక్కుతుందని దాన్ని నమ్ముకుని పెళ్లి చేయకండి.

అనంత_ఆశక్క
నేను ఆశా కార్యకర్తను. చట్టం కన్నా ముందు ఒక మాట అడుగుతా: పాపను ఇప్పటిదాకా డాక్టరుకు చూపించారా? కేసు భయంతో ఏడో నెల దాకా దాచిపెట్టిన ఇళ్లు చూశాను. ఈ వయసులో రక్తహీనత, బీపీ రెండూ ప్రమాదమే. తొమ్మిది నెలలూ తిరగాల్సింది ఆసుపత్రికి, గుడికి కాదు.

ఒకటి మాత్రం నిజం. వయసు తెలిస్తే డాక్టరు పోలీసులకు చెప్పాల్సిందే, పోక్సో 19వ సెక్షన్ అది. అట్లని పోలీసులు వచ్చేదాకా వైద్యం ఆపకూడదు. పాప పేరు, ఊరు పేపర్లో రాకూడదు. జిల్లాలో సఖి కేంద్రం (కష్టంలో ఉన్న ఆడవాళ్లకు సాయం చేసేది) ఉంటుంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసినా దారి చూపిస్తారు. పోలీసు స్టేషనుకు పాపను ఒంటరిగా పంపొద్దు.

ఆదోని_అన్న
బిడ్డ వద్దనుకుంటే మాత్రం అమ్మానాన్న సంతకం సరిపోతుందా? మా పిన్ని ఆ మాట కూడా అంటోంది.

కర్నూలు_ప్లీడరు
సంతకానికి విలువ ఉన్నది ఇక్కడే. 18 లోపు పిల్లకు గర్భం తీయాలంటే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం కావాలి. 20 వారాల దాకా ఒక డాక్టరు, 20 నుంచి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి (గర్భస్రావ చట్టానికి 2021 సవరణ). కానీ పాపకు ఇష్టం లేకుండా పెద్దల సంతకంతో తీయించడం కుదరదు, కోర్టులు పిల్ల మాటకే విలువిస్తున్నాయి. పాప, సంరక్షకులు కోరితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో డాక్టరు ఆమె పేరు చెప్పనక్కర్లేదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు పాపను అడగండి. ఇన్ని పోస్టులయ్యాయి, ఆ పిల్ల ఏమంటోందో మీరు ఒక్కసారీ రాయలేదు.

కడప_చెల్లి
నాకు 16లో చేశారు, మేనమామతోనే. ఇప్పుడు 19, ఒక బాబు. నేను బయటికి రావాలంటే దారి ఉందా?

కర్నూలు_ప్లీడరు
ఉందమ్మా. 18 నిండాక రెండేళ్లలోపు, అంటే నీకు 20 నిండేలోపు జిల్లా కోర్టులో వేస్తే ఆ పెళ్లిని రద్దు చేస్తారు. బాబు హక్కులు ఎక్కడికీ పోవు, 6వ సెక్షన్ ప్రకారం వాడు చట్టబద్ధమైన బిడ్డే. మళ్లీ పెళ్లి చేసుకునేదాకా నీకు భరణం అడగొచ్చు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు ఉంటాడు, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్. గడువు మాత్రం దాటనివ్వకు.

ఆదోని_అన్న
పాపను అడిగాం. బిడ్డ కావాలంది, పెళ్లి ఇప్పుడే వద్దంది, ఇంటర్ పరీక్షలు రాస్తానంది. పిన్ని ఏడ్చింది గానీ ముహూర్తం రద్దు చేశారు. రేపు ఆశక్కతో ఆసుపత్రికి పోతున్నారు. అబ్బాయి వాళ్ల నాన్న లాయరును వెతుకుతున్నాడు. బిడ్డ పుట్టాక సర్టిఫికెట్లో తండ్రి పేరు లేకపోతే సమస్యా? వయసుకు ఆధార్ చాలదా?

కర్నూలు_ప్లీడరు
తల్లి అఫిడవిట్ మీదే జనన ధ్రువపత్రం ఇవ్వాలని 2015లోనే సుప్రీంకోర్టు చెప్పింది. వయసుకు ఆధార్ నమ్ముకోవద్దు, పదో తరగతి మార్కుల మెమో తీసుకెళ్లండి. అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఆ రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష.