అప్లికేషన్ క్లౌడ్‌లో, డేటాబేస్ ఆఫీసులో: బిల్లింగ్ నెమ్మదించింది, ముందు దేన్ని మార్చాలి?

విజయవాడలోని మందుల హోల్‌సేల్ సంస్థకు చెందిన పాత జావా బిల్లింగ్ అప్లికేషన్‌ను కంటైనర్లలోకి (అప్లికేషన్‌ను దానికి కావలసినవాటితో కలిపి కట్టిన ప్యాకేజీలు) మార్చి, మూడు వారాల క్రితం ముంబయిలోని క్లౌడ్ డేటా సెంటర్‌కు తరలించాము. ఒరాకిల్ డేటాబేస్ మాత్రం ఆఫీసు సర్వర్‌లోనే ఉంది. రెండింటినీ ఇంటర్నెట్ మీదుగా వెళ్లే సురక్షిత మార్గమైన వీపీఎన్ కలుపుతోంది.

అప్పటి నుంచి 60 ఐటమ్‌లున్న ఇన్‌వాయిస్ సేవ్ కావడానికి 50 సెకన్లు పడుతోంది. ఇదివరకు అది రెండు సెకన్ల పని. కౌంటర్ దగ్గర డెలివరీ కుర్రాళ్లు అట్టపెట్టెలు పట్టుకుని బిల్లు కోసం నిలబడి ఉంటున్నారు.

సీపీయూ, మెమరీ రెట్టింపు చేశాము. కనెక్షన్ పూల్‌ను (డేటాబేస్‌కు ఒకేసారి తెరిచి ఉంచే కనెక్షన్ల సంఖ్యను) 20 నుంచి 60కి, ఇంటర్నెట్ లైన్‌ను 50 నుంచి 100 ఎంబీపీఎస్‌కు పెంచాము. ఏ మార్పూ కనిపించలేదు. చివరికి లాగ్ తెరిచి చూస్తే, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, స్కీము, జీఎస్టీ అంటూ ఒక్కో ఐటమ్‌కు దాదాపు 35 క్వెరీలు (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలు) ఒకదాని తర్వాత ఒకటి వెళ్తున్నాయని, ఒక్కో క్వెరీ వెళ్లి రావడానికి 24 మిల్లీసెకన్లు పడుతోందని తేలింది. 2,100 క్వెరీలకు లెక్క సరిగ్గా సరిపోయింది. కాబట్టి కారణం దూరమేనని నా నమ్మకం.

డేటాబేస్‌ను ఒరాకిల్ నుంచి పోస్ట్‌గ్రెస్‌కు మార్చాలన్నది అసలు ప్రణాళిక. కానీ ఒరాకిల్ భాష పీఎల్/ఎస్‌క్యూఎల్‌లో రాసి డేటాబేస్‌లోనే ఉంచిన 140 ప్రొసీజర్లను (చిన్న ప్రోగ్రాములను) తిరగరాయడానికి కనీసం ఐదు నెలలు కావాలి, మార్చి 31 లోపు అది సాధ్యం కాదు.

ఇలాంటి తరలింపు స్వయంగా చేసినవారు దయచేసి చెప్పండి: ఒరాకిల్‌ను ఉన్నదున్నట్టుగా అదే డేటా సెంటర్‌లోని వర్చువల్ మెషీన్‌కు ముందు మార్చడం మంచిదా, లేక డేటాబేస్‌ను కదపకుండా ఆ 35 క్వెరీలను ఒకే ప్రొసీజర్ కాల్‌గా కలపడం మంచిదా?