వార్‌గేమ్‌లలో అభిరుచి మారడం: వివరం తగ్గితే చరిత్ర కూడా తగ్గినట్టేనా?

ప్రశ్న

చారిత్రక బోర్డు వార్‌గేమ్‌లు (నిజంగా జరిగిన యుద్ధాలను పటంపై పావులతో ఆడే ఆటలు) మొదలుపెట్టిన రోజుల్లో నియమావళి ఎంత మందంగా ఉంటే ఆట నాకు అంతగా నచ్చేది. ప్రతి ఆయుధానికీ వేరే విలువలు, అడవిలోకి వెళితే ఒక సవరణ, గుట్ట ఎక్కితే మరొకటి ఉండే స్క్వాడ్ లీడర్ (1977), 1985లో వచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ వంటివే నా దృష్టిలో అసలైన వార్‌గేమ్‌లు. కొంతకాలంగా నా మనసు కార్డులతో నడిచే ఆటల వైపు, ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధంపై 1999లో వచ్చిన పాత్స్ ఆఫ్ గ్లోరీ వైపు మళ్లింది. ఆడుతున్నంతసేపూ ఆనందంగానే ఉంటుంది. అయితే వివరాన్ని వదులుకున్నప్పుడు దానితోపాటు చరిత్రను కూడా వదులుకుంటున్నానా అన్న సందేహం నన్ను విడవడం లేదు. మీలో ఎవరికైనా ఇలా అభిరుచి మారిందా?

జవాబు 1

నాకూ మారింది. వివరం ఎక్కువగా ఉన్నంత మాత్రాన చరిత్ర ఎక్కువగా ఉంటుందని నేను అనుకోను. 1970 నాటి ట్యాంకు యుద్ధాల ఆట పాంజర్‌బ్లిట్జ్‌నే చూడండి. ఆయుధాల రకాలు, కవచాల మధ్య తేడాలు అందులో ఎంతో శ్రద్ధగా చూపించారు, కానీ కదులుతున్న దళంపై ఎదుటి పక్షం కాల్పులు జరిపే వీలు లేకపోవడంతో ట్యాంకులు ఒక అడవి నుంచి మరొక అడవికి నిర్భయంగా పరుగెత్తేవి. అంకెలన్నీ సరిగ్గా ఉన్నా యుద్ధం మాత్రం అలా జరగదు. పాత్స్ ఆఫ్ గ్లోరీలో ఒకే కార్డును సైన్యాలను నడపడానికో, నష్టాలను పూడ్చడానికో, దళాలను దూరంగా తరలించడానికో, లేదా దానిపై ఉన్న చారిత్రక ఘటన కోసమో వాడాలి, ఒకటి ఎంచుకుంటే మిగిలిన మూడూ వదులుకోవాలి. అన్ని రంగాలకూ ఒకేసారి సరిపోని వనరులతో ఆనాటి సైన్యాధిపతులు పడిన యాతన పోరులో ఎవరికెంత నష్టమో తేల్చే ఏ ఫలితాల పట్టికలోనూ నాకు ఇంత బలంగా కనిపించలేదు.

జవాబు 2

పై జవాబుతో నేను సగం మాత్రమే ఏకీభవిస్తాను. పాంజర్‌బ్లిట్జ్‌లోని లోపానికి విరుగుడు వివరాన్ని తగ్గించడం కాదు, సరైన వివరాన్ని చేర్చడం. స్క్వాడ్ లీడర్ అదే చేసింది: కదిలే దళంపై కాల్పులకు అవకాశం ఇచ్చింది, దెబ్బతిన్న దళం ధైర్యం కోల్పోతే దాన్ని నాయకుడు తిరిగి నిలబెట్టే ఏర్పాటు చేసింది. బహిరంగ వీధిని దాటమని ఒక చిన్న దళాన్ని ఆదేశించడం ఎంత భయంకరమైన నిర్ణయమో నాకు ఆ ఆటే నేర్పింది. ఆ అనుభవాన్ని పాత్స్ ఆఫ్ గ్లోరీలోలా ఖండమంతా పరచుకున్న పటం ఇవ్వలేదు.

ప్రశ్న అడిగినవారు

మీరిద్దరూ చెప్పినదాన్ని బట్టి చూస్తే నాలో మారింది వివరంపై ఇష్టం కాదేమో, ఎవరి స్థానంలో కూర్చుని యుద్ధాన్ని చూడాలన్న కోరిక కావచ్చు. ఆ దిశలో ఇంకేం ఆడవచ్చో చెప్పగలరా?

జవాబు 3

అయితే ముందుగా హానిబాల్: రోమ్ వర్సెస్ కార్తేజ్ (1996) ఆడండి. కార్తేజ్ వైపు సేనాని హానిబాల్ స్థిరంగా ఉంటాడు, రోమ్‌కు మాత్రం కొత్త కాన్సుల్‌లు (ఏటా ఎన్నికై సైన్యాన్ని నడిపే పాలకులు) ఎవరు వస్తారో ముందుగా తెలియదు, కాబట్టి మీకు దక్కిన సేనాని సమర్థుడైనా కాకపోయినా అతనితోనే నెట్టుకురావాలి. గణతంత్రం పక్షాన యుద్ధం నడపడం ఎలాంటిదో ఆ ఒక్క నియమంతోనే అర్థమవుతుంది.

దళాలను నిలబెట్టిన చెక్క దిమ్మలతో చూపించే ఆటలనూ వదలకండి. దిమ్మ ముఖం దాని యజమానికే కనిపిస్తుంది కాబట్టి ఎదురుగా నిలిచింది పటిష్ఠమైన దళమో, చితికిపోయిన దళమో పోరు మొదలయ్యేదాకా మీకు తెలియదు. కౌంటర్లన్నీ (దళాలను సూచించే అట్ట ముక్కలు) బల్లపై బాహాటంగా కనిపించే ఎన్నో భారీ ఆటల్లో లేని వాస్తవికత ఇది.

వియత్నాం యుద్ధంపై ఆసక్తి ఉంటే ఫైర్ ఇన్ ద లేక్ (2014) చూడండి. అందులో అమెరికా, దక్షిణ వియత్నాం ప్రభుత్వం ఒకే వైపు పోరాడుతున్నా వాటి విజయ షరతులు వేరు, ఆ మిత్రుల మధ్య ఘర్షణే ఆటకు ప్రాణం. నలుగురు ఆడితేనే దాని పూర్తి రుచి తెలుస్తుంది. అంతమంది దొరకకపోతే మిగిలిన పక్షాలను నడిపే సూచనల పట్టికలు పెట్టెలోనే ఉంటాయి, కానీ అవి అలవాటయ్యేదాకా కాస్త ఓపిక పట్టాలి.