బొంతలో పొందూరు ఖద్దరు ముక్కలు వేస్తే?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. అమ్మమ్మ నేత చీరలతో బొంత కుడుతున్నాను. మధ్యలో కొత్త పొందూరు ఖద్దరు ముక్కలు అతకాలని ఆశ. ఉతికాక ముడతలు పడతాయేమోనని టెన్షన్‌గా ఉంది. కుట్టేవాళ్లు చెప్పండి.

జవాబు: పడతాయమ్మా. పాత చీర ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది, కొత్త ఖద్దరు ఇంకా కుంచించుకోవాలి. రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరేశాకే కత్తిరించు. రంగు ముక్కలు వేరే బకెట్లో వెయ్యి. విజయనగరంలో మా ఇంట్లో బొంతలన్నీ ఇలా కుట్టినవే.

జవాబు: అక్కా, సన్న ఖద్దరైతే అడుగున పాత పంచె గుడ్డ వేసి, కుట్టు దగ్గర దగ్గరగా వేయండి. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికిన నూలు కదా అది! నేనైతే చిన్న పేలిక కూడా పారేయను.

ప్రశ్న అడిగినావిడ: నానబెట్టేశానండీ. మరి అంచు పట్టీకి చీర కొంగు ఆగుతుందా?